చెక్ చెప్పని ఎత్తు

మా చెస్ సార్ ఇక లేరు. నిన్న పొద్దున మెట్రోలో ఉండగా ఆయన మనవరాలు ఫోన్ చేసి చెప్పింది. తార్నాకలో దిగాల్సినదాన్ని, దిగడమే మరిచిపోయాను.

సార్ లెక్కల లెక్చరర్‌గా రిటైరయ్యారు. తార్నాకలోని ఫ్లాట్ నుంచి సాయంత్రాలు యూనివర్సిటీకి నడిచొచ్చి మాకు చెస్ నేర్పేవారు. చెక్ చెప్పుడొక్కటే ఆట గాదని విసుక్కునేవారు. మనవరాలూ మాతోనే నేర్చుకునేది. బోర్డు దగ్గర ఆమె కూడా ఆయన్ని సార్ అనే పిలవాలి. ఓసారి నోరుజారి తాతా అంటే వినపడనట్టే కూర్చున్నారు. మహా మొండి మనిషి! ఆయన దగ్గర ఇంకో ఆనవాయితీ ఉండేది. ఆట అయ్యాక ఇద్దరూ కుర్చీలు మార్చుకొని, ఎదుటివాళ్ళు ఏ ఎత్తు వేసుంటే బాగుండేదో చెప్పాలి. ఏడుస్తున్నా వదిలేవారు కాదు.

యూనివర్సిటీ టీమ్‌లో ఒక్క చోటు మిగిలింది. దానికోసం సార్ మనవరాలు, నేను ఆడాలి. అప్పటికే పాయింట్లలో ముందున్నాను కాబట్టి నాకు డ్రా చాలు, ఆమె గెలిచి తీరాలి. అంపైర్ సారే. ఆమె కింగ్స్ గాంబిట్ ఎంచుకుంది. రాజు పక్కనుండే బంటును మొదట్లోనే ఎర వేసి మీదపడే ఓపెనింగ్ అది, తెగించినవాళ్ళు ఆడేది. గుర్రాన్ని కూడా వదులుకుని నా రాజును బోర్డు నడిమధ్యకు లాక్కొచ్చింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ ఆమె మంత్రితో చెక్ మీద చెక్ చెప్పడం, నేను అటూ ఇటూ తప్పుకోవడం, అదే వరస తిరిగి తిరిగి వచ్చి ఆట డ్రా అయింది. టీమ్‌లో చోటు నాదైంది.

సార్ మొహంలో ఏ మార్పూ లేదు. కుర్చీలు మార్చుకోమన్నారు. ఆమె వైపు కూర్చోగానే నాకు కనిపించింది. చెక్ ఆపేసి, ఓ పక్కనున్న బంటును ఒక్క గడి జరిపితే చాలు, నా రాజుకు దారి లేదు. చెప్పకపోతే పోయేదేముంది అనిపించింది గానీ, ఆయన ఎదుట అబద్ధమాడే ధైర్యం ఎవరికుంది? జరిపి చూపించాను.

ఆమె కళ్ళ నిండా నీళ్ళతో ఆయన వైపు తిరిగింది.

"నీకు ముందే కనవడ్డదా తాతా?"

ఈసారి ఆయన పలికారు.

"కనవడ్డది బిడ్డా. పండ్లు బిగవట్టి కూసున్న. ఆట నీది, నాది గాదు."

నాకైతే లేచి దండం పెట్టాలనిపించింది. సొంత మనవరాలి గెలుపు చేజారిపోతుంటే కనుబొమ్మైనా కదపని మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

కానీ నా జ్ఞాపకంలో మిగిలిపోయిన సార్ ఆ మనిషి కాదు. ఆ సాయంత్రం ఆమె కోపంగా క్యాంపస్ గేటు వైపు విసవిసా నడిచిపోయింది. వెనకాల సార్, మనవరాలి గులాబీ రంగు బ్యాగు భుజాన వేసుకుని, పిలవడానికి నోరు రాక, ఆమెను అందుకోవాలని ఆ వయసులో దాదాపు పరుగెత్తుతున్నారు.