వారానికో చేప

మొన్న విజయనగరంలో చెల్లెలింటికి భోజనానికి వెళ్ళినప్పుడు మా మేనల్లుడు తన ఫోను తెచ్చి నా కంచం పక్కన పెట్టాడు. అందులో గులాబీరంగు పాపాయి బొమ్మ ఒకటి కాళ్ళు ఆడిస్తూ గుండ్రంగా తిరుగుతోంది. తన భార్య కడుపులో బిడ్డ ఈ వారానికి సరిగ్గా ఇలా ఉంటుందట. ఆ భార్య పక్క కుర్చీలోనే కూర్చుని అదే బొమ్మను తన ఫోనులో విడిగా చూసుకుంటోంది. పప్పుచారు కలిపిన చేత్తో తాకలేక, కళ్ళజోడును ముక్కు చివరికి జార్చుకుని తేరిపార చూసి, బాగుందిరా అన్నాను. అన్నానేగాని లోపలెక్కడో పాత కంగారు ఒకటి ఒళ్ళు విరుచుకుని లేచి కూర్చుంది. ఆ పూట పెరుగన్నం దాకా నేను కుదురుగా లేను.

మా ఈడు వాళ్ళకు తెలియనిది కాదు, మన చిన్నప్పుడు కడుపుతో ఉన్న మనిషికి నెలలే ఉండేవి, వారాలు ఉండేవి కావు. వారాలన్నవి సంతలకూ ఉపవాసాలకూ పనికొచ్చేవి. అలాంటిది నలభై దాటాక నాకు ఈ వారాల పిచ్చి పట్టింది. రాష్ట్రం రెండు ముక్కలవుతుందని ఊళ్ళో రోజూ ఊరేగింపులు తీస్తున్న ఏడాది అది. శ్రీకాకుళంలో సర్వేయరుగా ఉండేవాణ్ణి. కొలతలు నా ఉద్యోగం, కలతలు దాని వెంట వచ్చే భత్యం. పెళ్ళయిన చాలా ఏళ్ళకు, రెండుసార్లు మూడో నెల దాటకుండానే చేజారిపోయాక, మా ఆవిడకు మళ్ళీ నెల తప్పింది. ఈసారైనా బిడ్డ దక్కుతుందా అన్నది తప్ప ఆ రోజుల్లో మా ఇంట్లో వేరే ప్రశ్న లేదు. ఇవాళ కూర ఏమిటన్నది కూడా ఆ ప్రశ్నకు అనుబంధమే.

అప్పుడే కొత్తగా స్మార్ట్‌ఫోను కొన్నాను. ఫలానా వెబ్‌సైటులో వివరాలిస్తే ప్రతి గురువారం బిడ్డ ఎంత పెరిగిందో మెయిలు పంపుతారని ఆఫీసులో ఎవరో చెబితే, ముందువెనకలు చూడకుండా నా పేరే ఇచ్చేశాను. దాంతో ఆ యంత్రం నన్నే గర్భవతి అనుకుంది. ప్రియమైన అమ్మా అని మొదలుపెట్టి, ఈ వారం మీకు పొద్దున్నే వికారంగా ఉండవచ్చు, నడుము పట్టెయ్యవచ్చు అని రాసేది. చదవగానే నాకు రెండూ వచ్చేవి. మా ఆవిడకు పట్టిన చింతచిగురు యావ కూడా సగం నేనే తీర్చుకున్నానని ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది.

ఆ మెయిలు బిడ్డ పరిమాణాన్ని పళ్ళతో పోల్చి చెప్పేది. ఈ వారం రాస్ప్‌బెర్రీ అంత అనేది. మా రైతుబజారులో అడిగితే ఆ పండు ఏ ఊరి రైతుదని ఎదురడిగేవారు. రాబోయే వారాల్లో ఏముందో చూద్దామని తిప్పితే అవకాడో కనిపించింది. పేరు వింటేనే అవకతవకగా ఉందని మా ఆవిడ బెంగపెట్టుకుంది. పోనీ సెంటీమీటర్లలో చెబుదామంటే, అవి నీ పొలాల గట్లకు చెప్పుకోమంది. చివరికి నాకొక ఉపాయం తోచింది. మాది సముద్రపొడ్డు. నాన్న వేటకు వెళ్ళేవాడు, అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మేది. మా ఆవిడ పుట్టింటివాళ్ళదీ రెండూళ్ళ అవతల అదే బతుకు. చేప పేరు చెబితే చాలు, ఎంతుంటుందో కళ్ళు మూసుకుని చెయ్యి చాచి చూపించగలం. కాబట్టి పండ్లన్నిటినీ చేపల్లోకి మార్చేశాను. మొదట చిన్న రొయ్యంత. తరవాత మెత్తళ్ళంత, అంటే చిటికెన వేలు మించదు. ఆ తరవాత కవళ్ళంత, అంటే అరచెయ్యి పొడవు. గురువారం సాయంత్రం నేను చేప పేరు చెప్పడం, మా ఆవిడ పొట్ట మీద బెత్తలు పెట్టి కొలుచుకుని నవ్వడం మా ఇంటి ఆచారమైపోయింది. రెండుసార్లు ఆగిపోయిన మూడో నెల దాటి నాలుగులో పడేసరికి నాకు ధైర్యం వచ్చి, ఆ వారం చేప పేరు కొంచెం గట్టిగా చెప్పాను.

కోడలికి సాయానికని ఊరినుంచి వచ్చిన అమ్మ వంటింట్లో ఉంది. అది విని చేతిలో గరిటెతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మా వాళ్ళలో ఒక పట్టింపు ఉంది. వల నీళ్ళలో ఉన్నంతసేపూ ఎన్ని చేపలు పడ్డాయో, ఎంతటివి పడ్డాయో ఎవరూ నోటితో అనకూడదు. తాడు ఎంత బరువుగా వస్తున్నా లాగేవాళ్ళు ఆ ఊసెత్తరు. వల ఇసక మీదికి వచ్చాకే లెక్క. ముందే నోటితో అంటే పడిన చేప కూడా జారిపోతుందని నమ్మకం. ఈ సంగతి తెలిసి తెలిసి, లోకంలో ఇన్ని వస్తువులుండగా, నేను బిడ్డను చేపలతోనే పోల్చి కూర్చున్నాను.

“పళ్ళ పేర్లు సదివినన్నాళ్ళూ నాకేటీ తెల్దు, ఊరుకున్నాను,” అంది అమ్మ. “ఇప్పుడు సేపలంటన్నావు. వల ఇంకా నీళ్ళల్లోనే ఉన్నాది గదరా.”

ఇది వల కాదమ్మా, సైన్సు అన్నాను.

“సైన్సయితే మరి మద్దిన సేపెందుకురా?”

గోడవైపు తిరిగి పడుకున్న మా ఆవిడ భుజాలు నవ్వుతో కదలడం నాకు కనిపించింది. ఆనాటి నుంచి గురువారం దీపాలు పెట్టే వేళకు అమ్మ పక్కింటికి వెళ్ళి కూర్చునేది. చదవడం అయిందని తెలిశాకే వచ్చేది.

ఏడో నెల స్కానుతో నవ్వులు ఆగిపోయాయి. ఉమ్మనీరు తక్కువగా ఉంది, బిడ్డ ఉండవలసినంత బరువు లేదు, పెరుగుదల వెనకబడిందని డాక్టరమ్మ చెప్పింది. మా భాషలో చెప్పాలంటే వంజరం పిల్లంత ఉండాల్సింది చందువా దగ్గర ఆగిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఇద్దరం చెరో వైపు రోడ్డు చూస్తూ కూర్చున్నాం. ఇంటికొచ్చాక మా ఆవిడ ఒక్కటే అడిగింది.

“ఇంక నాకు సదవకండి. ఎంతుండాలో తెలిస్తేనే గదా, ఎంత తక్కువున్నాదో తెలిసేది.”

అమ్మ మాత్రం ఒక్క మాట అనలేదు. నాను ముందే సెప్పినాను గదా అని అంటే బాగుండేదేమో, దెబ్బలాడేవాణ్ణి. ఆ మాట కోసం నాలుగు రోజులు ఎదురుచూశాను. ఆవిడ కోడలికి జావ కాచి ఇవ్వడం, నాకు అన్నం వడ్డించడం తప్ప మరేమీ చెయ్యలేదు. నేనేమో చదవడం మానలేకపోయాను. ఆఫీసు వెనక సైకిళ్ళ షెడ్డులో నిలబడి చదివేవాణ్ణి. పొలాల్లో గొలుసు పరిచి కొలుస్తూ అంకె మరిచిపోయి, మళ్ళీ మొదటి రాయి దగ్గరికి నడిచేవాణ్ణి. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలిసేది కాదు. అన్నదమ్ముల గట్టు తగాదాలు తీర్చినవాణ్ణి, నా ఇంట్లో జానెడు ప్రాణి ఎందుకు పెరగదో తేల్చుకోలేక జిల్లా అంతా తిరిగాను.

ఎనిమిదో నెల సగంలో ఇక లోపల ఉంచితే ప్రమాదమని ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. ఏడుపు పిల్లి కూతంత వచ్చింది, అంతే. గాజుపెట్టెలో పెట్టాలి, ఆ వసతి ఇక్కడ ఖాళీ లేదు, విజయనగరం తీసుకెళ్ళమన్నారు. అంబులెన్సులో బిడ్డతో నేను వెళ్ళాను. కుట్లతో ఉన్న మా ఆవిడ దగ్గర శ్రీకాకుళంలో అమ్మ ఉండిపోయింది. ఉద్యమం వల్ల బస్సులు లేవు. స్నేహితుడి బండి అడిగి తెచ్చుకుని రెండు ఊళ్ళ మధ్యా తిరిగాను. చిలకపాలెం దగ్గర రోడ్డుకు అడ్డంగా దుంగలు వేసి ఉంటే, దిగి, బండి పక్కనుంచి తోసుకుని, సంగతి చెబితే దుంగలు వేసినవాళ్ళే చెయ్యి వేసి దాటించేవారు. తల్లి దగ్గరుంటే బిడ్డ ఎలా ఉందో, బిడ్డ దగ్గరుంటే తల్లి ఏమనుకుంటోందో అని ప్రాణం ఎప్పుడూ అవతలి ఊళ్ళోనే ఉండేది.

ఆ యంత్రానికి ఇవేవీ తెలియవు. గురువారం ఠంచనుగా మెయిలు వచ్చింది. ప్రియమైన అమ్మా, మీ బిడ్డ మీ కడుపులో వెచ్చగా ఉంది అని. గాజుపెట్టెల గది బయట బెంచీ మీద కూర్చుని దాన్ని చూస్తున్నాను. చెరిపెయ్యాలనుకుంటూ ఉండగానే ఫోను మోగింది. మా ఆవిడ నిద్రపోయాక, అక్కడి నర్సు చేత నంబరు నొక్కించి, అమ్మ మాట్లాడుతోంది. తనంతట తాను ఫోను చెయ్యడం ఆవిడకు అదే మొదలు.

“ఒరే, ఇయాల గురారం గదా. ఆ మెయిలోడు ఏటన్నాడు?”

వద్దన్నది నువ్వే కదమ్మా అన్నాను.

“సదువు. అడిగింది నాను. దోసం తగిల్తే నాకు తగుల్తాది. నీకూ గుంటకీ ఏటీ అవదు.”

చదివాను. ఈ వారానికి బిడ్డ మింగడం, ఊపిరి తీసుకోవడం రెండూ కలిపి చెయ్యడం నేర్చుకుంటుందని ఉంది. మరి మన గుంట మింగతన్నాదేటి అని పిల్ల సంగతి అడిగింది. లేచి అద్దం దగ్గరికి వెళ్ళాను. అంతవరకూ గొట్టంతో పాలు పడుతున్నవాళ్ళు ఆ పూటే మొదటిసారి ఉగ్గుగిన్నెతో పట్టి చూస్తున్నారు. ఒక చుక్క పెదవి పక్కనుంచి కారిపోయింది. రెండో చుక్కా కారిపోయింది. ఫోను చెవికి ఆనించుకుని నేను అద్దానికి ఇంకా దగ్గరగా జరిగాను. మూడో చుక్కకు ఆ దారమంత గొంతులో చిన్న కదలిక వచ్చింది. నర్సు తల పంకించింది.

మింగిందమ్మా అన్నాను.

“ఎంతున్నాది? సేప సెప్పు, సంటీమీటర్లు నాకొద్దు.”

వంజరం పిల్లంత అని చెప్పాను. అమ్మ, “సాలు. కోడలు లేస్తే సెప్తాను,” అని, ఫోను పెట్టెయ్యడం తెలియక అలాగే చేతిలో పట్టుకుని ఎవరితోనో, మా గుంట పాలు మింగిందంట అని చెబుతూ ఉండగా నేను వింటూ ఉండిపోయాను. ఆనాటినుంచి మా ఆవిడ కూడా మళ్ళీ అడగడం మొదలుపెట్టింది. పురుడు వస్తుందనుకున్న వారం, ప్రియమైన అమ్మా, ఆసుపత్రికి సంచి సర్దుకున్నారా అని ఆఖరి మెయిలు వచ్చేసరికి, ఆసుపత్రినుంచి సంచీతో సహా ఇంటికొచ్చేసిన పిల్ల మా అమ్మ కాళ్ళ మీద బోర్లా పడుకుని, నీళ్ళు పోయించుకుంటూ వీధి చివరికి వినబడేలా ఏడుస్తోంది.

అమ్మ పోయి నాలుగేళ్ళయింది. పిల్ల ఇప్పుడు నా భుజం దాటింది. మా మేనల్లుడి ఫోనులో బొమ్మ నిజంగా బాగుంది. పళ్ళు వెతుక్కోనక్కర్లేదు, చేపల్లోకి మార్చుకోనక్కర్లేదు, ఒకరు చదివి ఇంకొకరికి చెప్పనక్కర్లేదు. భార్యాభర్తలిద్దరికీ ఒకే క్షణంలో అన్నీ తెలిసిపోతాయి. భోజనాలయ్యాక మా చెల్లెలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, వాళ్ళిద్దరి వెనకా కొంచెంసేపు నిలబడి, వాళ్ళు ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటుంటే, ఏమీ అడగకుండా కంచాలు తీసుకుని లోపలికి వెళ్ళింది. దానికి భయం లేదని కాదు. రేపు ఆ పిల్లలకు ఏదైనా కంగారు వస్తే అమ్మలా తన మీద వేసుకోవడానికి అదీ సిద్ధంగానే ఉంది. ఏమన్నాడురా ఆ ఫోనువాడు అని అడిగే సందు దానికెవరూ మిగల్చలేదు, అంతే.