గంప మీద రాయి

మా పక్కింటి మామ్మగారికి కోళ్ళు లేవు గానీ, మా కోళ్ళ బెంగంతా ఆవిడదే. దీపాలు పెట్టేవేళ దడి మీదుగా మెడ చాచి, "ఏరా అబ్బాయ్, గంప మీద రాయి పెట్టారా?" అని అడిగేవారు. రాయి లేకపోతే బావురుపిల్లి గంపను పడదోసి కోడిపిల్లల్ని ఎత్తుకుపోతుందని ఆవిడ భయం. ఆ గొంతు వింటే కాలవ అవతలి కోళ్ళు కూడా గూటికి చేరేవి. అబద్ధమైతే మా ఆవిడను అడగండి.

"మీ కేకకి పిల్లి జంగారెడ్డిగూడెం దాకా పారిపోతుందండీ" అనేవాణ్ణి.

"నీ కోతలు పిల్లికి చెప్పుకో. ముందు రాయి పెట్టు" అని, పెట్టేదాకా కదిలేవారు కాదు.

ఆవిడ కాలం చేసిన నెలకి మా పెట్ట పిల్లలు చేసింది. ఓ సాయంత్రం వాటిని గంప కింద మూసి, రాయి సంగతి మరిచి, అరుగు మీద ఫోన్ చూస్తూ కూర్చున్నాను. దడి అవతల నుంచి అదే ప్రశ్న వినిపించింది. నా చెవులు కూడా కోతలు కోస్తున్నాయనుకుని మళ్ళీ ఫోన్‌లో తల దూర్చాను.

అంతలో వంటింట్లోంచి మా ఆవిడ జవాబు చెప్పింది: "ఇదిగో, పెడుతున్నారండీ మామ్మగారూ!"

ఆ వెంటనే గిన్నె కింద పడిన చప్పుడు.

లేచి రాయి పెట్టాను. తెల్లారి చూస్తే గంప చుట్టూ తడిమట్టిలో పిల్లి అడుగులు. లోపల పిల్లలన్నీ క్షేమం.

ఇప్పుడు రాయి పెట్టగానే దడి వైపు తిరిగి, "పెట్టానండీ" అని నేనే ముందు చెప్పేస్తాను. ఆవిడ అడిగేదాకా ఆగే ధైర్యం మా ఇద్దరికీ లేదు.