ఏ లింకు నొక్కినా వీర్రాజు గారే

దెయ్యాల కబుర్లు మొదలైతే నవ్వేసి లేచి వెళ్లిపోయే మనిషిని నేను. కంప్యూటర్ మనం రాసిందే చేస్తుంది, రాయనిది చేయదు. అదొక్కటే నా నమ్మకం. ఇది చదివి మీరు నవ్వినా ఏమీ అనుకోను.

విజయవాడ వన్ టౌన్‌లో ఒక బట్టల గోడౌన్ పైన మా ఆఫీసు. పెడన వైపు చేనేత వాళ్లకు వెబ్‌సైట్ చేస్తున్నాం. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. ఏ లింకు నొక్కితే ఎవరి పేజీ తెరుచుకోవాలో ఒక ఫైల్లో వరసగా రాస్తాం. దాన్ని రూటింగ్ అంటాం. ఆ పని నాది.

ఆ రోజు పొద్దున ఎవరి లింకు నొక్కినా వీర్రాజు గారి పేజీయే వచ్చింది. మగ్గం ముందు కూర్చుని నవ్వుతున్న ఆయన ఫొటో. ముందు రోజు వరకూ అన్నీ సరిగ్గానే పనిచేశాయి. ఆ ఫైలును ఎవరూ ముట్టుకోలేదు.

వరస మార్చి చూశాను. సర్వర్ ఆపి మళ్లీ పెట్టాను. చివరికి ఆయన పేజీకి వెళ్లే లైనే తీసేశాను. అయినా ఆయనే వచ్చారు.

పక్క సీట్లో కిరణ్ తన ఫోన్లో సైటు అడ్రసు చివర చేతికొచ్చిన అక్షరాలు కొట్టి చూశాడు. వీర్రాజు గారే.

"నసీమా గారూ, అసలు లేని లైను ఎలా పనిచేస్తుందండీ?" అన్నాడు.

ఎందుకో ఆయన ఎలా ఉన్నారో కనుక్కోవాలనిపించింది. వీర్రాజు గారికి ఫోన్ చేశాను.

"ఒంట్లో బాగానే ఉందాండీ?"

"నాకేం తల్లీ, గుండ్రాయిలా ఉన్నాను. ఏమైంది?"

"సైట్లో ఏది నొక్కినా మీరే వస్తున్నారండీ."

ఆయన పెద్దగా నవ్వారు. "రానియ్యమ్మా, నాలుగు చీరలు ఎక్కువ అమ్ముడుపోతాయి. ఇంతకీ నన్నేం చెయ్యమంటావు?"

జాగ్రత్తగా ఉండమన్నాను. దేని నుంచో నాకే తెలియదు.

మధ్యాహ్నం అన్నం బాక్సు తెరుస్తుండగా ఆయన కూతురు ఫోన్ చేసింది.

"నాన్న మగ్గం మీదే పడిపోయారక్కా. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే..." కాసేపు ఏడుపు తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత అడిగింది. "పొద్దున మీరు ఫోన్ చేశారంటగా, ఎందుకక్కా?"

సైటు పని మీద అన్నాను. ఉన్నది చెప్పినా తనకేం ఉపయోగం?

ఫోన్ పెట్టేసి సైటు చూశాను. ఎవరి లింకుకు వాళ్ల పేజీ వస్తోంది. ఈలోగా నేను గానీ కిరణ్ గానీ ఒక్క అక్షరం మార్చలేదు.

ఆ ఫైలును నాకంటే అనుభవమున్న వాళ్లకు చూపించాను. ఇందులో తప్పేమీ లేదన్నారు. నాకూ కనిపించలేదు. ఎందుకలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ మధ్యాహ్నం వీర్రాజు గారి లింకు నొక్కితే మాత్రం, పేజీ దొరకలేదని వచ్చింది. ఆయన లైను పొద్దున నేనే తీసేశాను కదా.