ఖాళీ కుర్చీకి కప్పిన శాలువా

మిషన్ లోంచి వేడివేడిగా దిగే ఫ్లెక్సీ వాసన తగిలితే హన్మకొండలో ఏనుగైనా తుమ్మాల్సిందే. ముందే చెబుతున్నాను, నేను ఏది చెప్పినా పదింతలు చేసి చెబుతాను. మీరు పదితో భాగించుకోండి. కార్గిల్ విజయ దినం బ్యానర్లు దిగే ఈ జులైలో ఆ వాసనకు నాకు గుర్తొచ్చేది మాత్రం ఒక్కరే, హవల్దారు కొమురయ్య.

పదిహేనేళ్ల కింద నేను కాశిబుగ్గలో ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనర్ని. పక్క బడి హెడ్మాస్టరు రెండు పాత ఫొటోలు పంపారు. ఒకటి బడిలో విజయ దినం సభకు ముఖ్య అతిథిగా రాబోతున్న కొమురయ్యది, రెండోది కార్గిల్‌లో ఆయన కళ్లముందే నేలకొరిగిన బల్బీర్‌ది. ఇద్దరూ యూనిఫాంలోనే ఉన్నారు. ఏది ఎవరిదో రాసి లేదు. అడిగితే సరిపోయేది. నేను అడగలేదు. ఓరుగల్లు కోట తోరణమంత మీసాలున్నవాణ్ని ముట్టుకునే ధైర్యం యముడికి ఉండదని తీర్మానించి, ఆ ఫొటోను 'ముఖ్య అతిథి' కింద పెట్టాను. మీసం పల్చగా ఉన్నవాడికి దండ వేసి, రెండు దీపాలు వెలిగించి, 'అమరవీరుడికి జోహార్లు' అని రాశాను.

తెల్లారి బడి ముందు భద్రకాళి చెరువంత బ్యానరు లేచింది. మోపెడ్ దిగిన కొమురయ్య తలెత్తి చూశారు. దండ ఆయన మెడలోనే ఉంది. కాశిబుగ్గలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మా ఓనరు నా కాలర్ పట్టుకున్నాడు.

"బతికున్న మనిషికి దండేస్తివి గదరా. ఇయ్యాల్టితోని నీ నౌకరి ఖతం."

కొమురయ్య హెడ్మాస్టరు వైపు తిరిగారు.

"దండ మంచిగున్నది సారూ. మా ఇంటామె సూస్తె జర సంబురపడ్తది."

"ఐదు నిమిషాల్ల తీపిచ్చేస్త కొమురన్నా."

"వద్దు, ఉండనియ్యి. ఏటేట నాకే శాలువ కప్పుతాండ్రు. కప్పినప్పుడల్లా వీపు మీద బస్తా ఎత్తినట్టుంటది. కార్గిల్ల ఆ దినం బల్బీర్ ముందు నడిసిండు, నేను ఎనక నడిసిన. గంతే ఫరక్. ఇయ్యాల కుర్చీ వాడిది."

శాలువాను తానే ఖాళీ కుర్చీకి కప్పి, పిల్లల మధ్య చాప మీద కూర్చున్నారు. బల్బీర్ చలిలో పాటలెట్లా పాడేవాడో, రొట్టెలెట్లా మాడ్చేవాడో చెప్పారు. వరంగల్‌లో అతని పేరు పలికిన మొదటి రోజు అదే అనుకుంటాను. అప్పటిదాకా విజయ దినమంటే నాకు మూడు రంగుల అక్షరాలు. ఆ ఉదయం హాయిగా ఊపిరి పీల్చుకున్నవాళ్లలో నేను రెండోవాణ్ని, మొదటివాడు ఆయనే.

చివర్లో "డిజైన్ జేసినోడు ఎవడు?" అని అడిగారు. నేను ముందుకొచ్చి "నేనే సార్, తప్పయింది" అన్నాను. ఆయన మా ఓనరుతో "వీణ్ని ఏమనకు" అన్నారు. నౌకరీ నిలబడింది.

ఇప్పుడు నాకే ఒక షాపుంది. ఫొటో ఎవరిదైనా, ముందు ఇంటివాళ్లకు ఫోన్ చేసి, మనిషి ఎట్లాంటివాడో అడుగుతాను. కొందరు అరగంట చెబుతారు. ప్రింటింగ్ ఆలస్యమవుతుంది, అవనీ.

ఇందులో నేను నిజంగా కల్పించింది ఒక్కటే. "నేనే సార్" అని నేను అనలేదు. నీళ్ల డ్రమ్ము చాటున దొరికిపోయి, "కంప్యూటర్ తప్పు సార్" అన్నాను. కొమురయ్య తన చేతిలోని గ్లాసు నాకందించారు.

"పాపం, కంప్యూటర్ గజగజ వణుకుతాంది. దానికి జర ఛాయ్ తాపియ్యి."