ఉలవ కట్టెలో చిక్కిన కారు

ఆలూరు పక్క పల్లెలో గంగక్కకు నాలుగెకరాల మెట్ట ఉంది. కాపురానికొచ్చిన ముప్పై ఏళ్లలో ఆమె ఉలవ వేయని ఏడాది లేదు. కళ్లం చేసే ఓపిక పోయాక, ఊళ్లో అందరిలాగే ఆమె కూడా కోసిన పంటను తార్రోడ్డు మీదే పరిచేది. వచ్చేపోయే బండ్లు తొక్కి గింజ రాల్చేవి. సాయంత్రం ఊడ్చుకుని తూర్పారబట్టుకుంటే సరిపోయేది.

రెండేళ్ల కిందట మాఘమాసంలో ఆమె భర్త తిమ్మయ్యకు కంటి ఆపరేషనయింది. కట్టు విప్పించడానికి అల్లుడు వీరభద్ర కారులో అందరూ పత్తికొండకు బయల్దేరారు. అతను ఆ పాత కారు కొని నెల కూడా కాలేదు. ముందు సీట్లో కూతురు నాగజ్యోతి కూర్చుంది. వెనక గంగక్క, తిమ్మయ్య, మధ్యలో నాలుగేళ్ల మనవరాలు శివాని.

ఒక మలుపు తిరగ్గానే రోడ్డు నిండా ఎవరో పరిచిన ఉలవ కట్టె, గింజతో ఉన్న ఎండు మొక్కలు, మోకాలెత్తున. ఎదురుగా బస్సు వస్తుండటంతో వీరభద్ర దాని మీదుగానే పోనిచ్చాడు. అడుగున వేడి గొట్టాలకు కట్టె చుట్టుకుని గరగరమంది. కాసేపటికి కమురు వాసన, ఆ వెనకే కాళ్ల కింద నుంచి పొగ. అతను గాభరాపడి బ్రేకు మీద కాలేశాడు.

"ఆపొద్దప్పా!" గంగక్క అరిచింది. "కట్టెలో ఆపితే అందరం కాలిపోతాం. ముందుకు పోనీ!"

"మంట కనపడతాండాది అత్తా!"

"కనపడనీ. కట్టె దాటేదాకా పోనీ!"

అతను పళ్లు బిగించి పోనిచ్చాడు. ఖాళీ రోడ్డు తగలగానే ఆపి కిందికి దూకాడు. వెనక తలుపులు లోపలి నుంచి తెరుచుకునేవి కావు. గంగక్క మనవరాలిని ఎత్తి సీట్ల సందులోంచి కూతురికి అందించింది. వీరభద్ర బయటి నుంచి తలుపు లాగాడు. ఒంటి కన్నుతో తిమ్మయ్య "యాడ పెట్టాల కాలు?" అని తడుముకుంటుంటే ఆమె అతన్ని భుజంతో నెట్టి, వెనకే తనూ దిగింది. దిగేటప్పుడు మంట కుడి మోచేతిని తాకింది. ఇరవై అడుగులు పోయారో లేదో, కారంతా అంటుకుంది.

కట్టె పరిచిన కృష్ణవేణమ్మ బిందెడు నీళ్లతో పరుగెత్తుకొచ్చింది. ఆ మంటకు అవి ఏ మూలకు? వీరభద్ర ఆమె మీదికి పోయాడు.

"రోడ్డేమన్నా నీ కళ్లమా? పసిబిడ్డ ఉండాది బండిలో!"

గంగక్క అల్లుడి చేయి పట్టుకుని ఆపింది.

"ఆమెను అంటే ఏం వస్తాదప్పా? మొన్న సోమవారం నేనూ పరిస్తిని."

అని, ఆ బిందె అందుకుని కాలిన చేతి మీద నీళ్లు పోసుకుంది.

చేయి మానడానికి రెండు నెలలు పట్టింది. మరుసటేడు ఆమె చేను గట్టు పక్కన కొంత నేల చదును చేయించి, నీళ్లు చల్లి, పేడ అలికి కళ్లం చేసుకుంది.

"రోడ్డుండంగా నీకెందుకు గంగక్కా ఇంత తిప్పలు?" అన్నాడు పక్క చేను రంగన్న.

"ఆ పొద్దు కారు లోపల నువ్వు లేవు కదప్పా," అందామె, చీపురు ఆపకుండానే.

ఆ ఏడాది ఇంకో రెండిళ్లవాళ్లు ఆమె కళ్లంలోనే ఉలవలు తొక్కించుకున్నారు. తక్కినవాళ్లు రోడ్డు మీదే పరిచారు. వీరభద్ర మళ్లీ కారు కొనలేదు. శివాని మాత్రం చాన్నాళ్లపాటు బస్సెక్కినప్పుడల్లా తలుపు పక్క సీటే కావాలనేది.