అమీనుగారి స్థానంలో ఒక ఏడాది

ఆ రోజుల్లో యుద్ధం ఎక్కడో సముద్రాల అవతల జరుగుతున్నా, దాని తాలూకు ఆకలి మాత్రం తిరుపతిలో మా వీధి దాకా నడిచి వచ్చింది. బియ్యానికి రేషను, పంచదారకు రేషను, పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచేవి. అలాంటి కాలంలో నెలకు ఏడెనిమిది సార్లు గారెలు, అప్పాలు, పరమాన్నం కడుపునిండా తిన్న పద్దెనిమిదేళ్ళ కుర్రాడు జిల్లా మొత్తం మీద నేనొక్కడినే అయివుంటాను. తోటివాళ్ళు నన్ను చూసి కుళ్ళుకునేవాళ్ళు. ఆ తిండి నేను నా పేరున తినడం లేదని, చచ్చిపోయినవాళ్ళ పేరున తింటున్నానని వాళ్ళకు తట్టేది కాదు. (మొదట్లో నాకూ తట్టలేదు.)

మా నాయన భోక్త. తద్దినంనాడు, మాసికంనాడు పోయిన పెద్దమనిషి స్థానంలో కూర్చుని, ఆయన బదులు భోంచేసే బ్రాహ్మణుడన్నమాట. మా తాతా అదే, తాతకు తండ్రీ అదే. నాయనకు చక్కెరజబ్బు వచ్చి డాక్టరు తీపి మానమన్నాడు. పరమాన్నం ముట్టని భోక్తను ఏ పితృదేవత ఒప్పుకుంటాడు? అందుకని ఒక ఉదయం నన్ను పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. "ఏడు తరాలుగా మనమే కూచుంటా ఉండాము రా. ఇప్పుడు నీ వంతు. దీంట్లో కష్టమేముండాది? కూచో, తిను, నోరు మాత్రం తెరవగాకు" అన్నాడు. నేను సరేనన్నాను. స్కూలు ఫైనలు పాసై ఆరునెలలుగా ఇంట్లో ఊరికే ఉన్నాను. నీకేం కావాలని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

నా వంతుకు వచ్చిన ఇళ్ళలో చిత్తూరులోని అమీనుగారి ఇల్లు ఒకటి. ఆయన కోర్టు అమీనుగా ముప్ఫై ఏళ్ళు జనం ఇళ్ళలో సామాన్లు జప్తు చేసి, రిటైరైన మూడోనెలలో కన్నుమూశాడట. ఏడాది పొడుగునా నెలనెలా మాసికం పెట్టాలి. నేను బొగ్గుబస్సులో మసికొట్టుకుపోయి దిగి, వాళ్ళ బావి దగ్గర స్నానం చేసి లోపలికి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. బయట ఎండ మండిపోతున్నా ఆ నడవాలో కాలికింద బండలు మంచులా ఉన్నాయి. అమీనుగారి కొడుకు, నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాడు, నా కాళ్ళు కడుగుతూ తల ఎత్తలేదు. ఆ ఇంట్లో ఎవరూ నా ముఖం చూడలేదు. అందరూ నా పాదాలనే చూశారు. ఎడమవైపు సగం మూసిన తలుపు వెనక నుంచి మాత్రం ఎవరో నన్ను కన్నార్పకుండా చూస్తున్నట్టు నా ఎడమ చెంపకు తెలుస్తూనే ఉంది.

విస్తరి వేశారు. నేను తద్దినాల వంటవాడు అలవాటుకొద్దీ చేసిన కాకరకాయ కూరను వేలితో ఆకు అంచుకు నెట్టి అన్నం కలుపుకున్నాను. తలుపు వెనక ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. "ఆయనే... కాకరకాయ నెట్టేసినారు సూడు. ఆయనకు గిట్టదు, ఎత్తేయండ్రా" అని ఒక ముసలి గొంతు. కొడుకు గబగబా కూర ఎత్తేశాడు. (అసలు సంగతి, కాకరకాయ అంటే నాకు ప్రాణం. ఇష్టమైనది చివర తినడం నా అలవాటు. చెబుదామంటే నోరు తెరవకూడదాయె.) ఆ గొంతు అమీను పెద్దమ్మది, అంటే ఆయన భార్యది. భోజనం ముగిసేలోగా ఆ తలుపు సందులోంచి ఇంకోమాట వచ్చింది. "ఏమండీ, నా మీద కోపమా?" మా అవ్వ వయసున్న మనిషి నన్ను 'ఏమండీ' అనడంతో నోట్లోని గారె గొంతులో అడ్డంపడింది.

నెలనెలా అదే ప్రశ్న. నెలనెలా నేను కాకరకాయ తినకుండానే లేవడం. ఆరో నెలలో పెద్దమ్మ ఒక నల్లకోటు పంపించింది. బస్సులో చలికి వేసుకోమని అమీనుగారి కోటే ఇచ్చిందట. నాకు కుట్టించినట్టు సరిపోయింది, భుజాల దగ్గర కూడా. జేబులో చెయ్యి పెడితే ముక్కుపొడి డబ్బీ తగిలింది. నా బొటనవేలు మూత మీద రెండుసార్లు తట్టి, దాన్ని ఒక్క ఒడుపుతో తెరిచింది. అంతకుముందు నేనెప్పుడూ ముక్కుపొడి డబ్బీ పట్టుకుని ఎరగను. ఒక పట్టు పీల్చాను. తుమ్ము రాలేదు. బస్సులో పక్కన కూర్చున్న ఆసామి మర్యాదగా జరిగి, "కోర్టుకా సామీ?" అన్నాడు. నేను అవునన్నట్టు తల ఊపాను. ఎందుకు ఊపానో నాకు నేటికీ తెలియదు.

అసలు భయం ఇంట్లో పట్టుకుంది. ఒకరోజు అమ్మ వేయించిన కాకరకాయ ముక్కలు కంచంలో వేసింది. వాసన తగలగానే చేత్తో ముక్కు మూసుకున్నాను. కంచం నెట్టేసి, "ఇది నాకు గిట్టదని తెలీదా?" అని అరిచాను. ఆ గొంతు నాది కాదు. జప్తుకు వచ్చినవాడి గొంతు. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయి, "చిన్నప్పట్నించీ నీకిది ప్రాణం గదరా నాయనా! ఏమైంది నీకు?" అంది. నేను పెరట్లోకి పోయి నీళ్ళ తొట్టిలో ముఖం చూసుకున్నాను. నాదే. అయినా చాలాసేపు నమ్మకం కుదరలేదు.

నాయనకు చెబితే మురిసిపోయాడు. "నాక్కూడా ఇంత బాగా ఎప్పుడూ కుదర్లేదు రా" అన్నాడు. పైగా ఇంకో కబురు. సంవత్సరీకం అయినాక నేను చిత్తూరులోనే ఉండిపోవాలట. పెద్దమ్మ అమీనుగారి గది నాకు ఇస్తానందట. నాయన అప్పుడే ఒప్పుకుని వచ్చాడు. "నీడపట్టున కూచుని తినే బతుకు. ఎవురికి దొరుకుతాది?" అన్నాడు. నిజమే, దొరకదు. ఆ గదిలో మంచమూ, కళ్ళజోడూ, చేతికర్రా నాకోసం ఎదురుచూస్తున్నట్టు రోజూ అనిపించేది.

సంవత్సరీకం రోజు వచ్చింది. ఆకులో అన్నీ ఉన్నాయి, కాకరకాయ తప్ప. నాయన కూడా వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. భోజనం చివర పురోహితుడు కర్త చేత అడిగించాలి, తృప్తి కలిగిందా అని. భోక్త కలిగింది అనాలి. ఏడు తరాలుగా మావాళ్ళు అన్నమాట అదొక్కటే. అమీనుగారి కొడుకు చేతులు జోడించి అడిగాడు, "తృప్తి కలిగిందా?"

"లేదు" అన్నాను.

 కొడుకు ముఖం తెల్లబోయింది. చచ్చిపోయిన తండ్రి తృప్తి లేదంటే ఏ కొడుకైనా ఏం చేయగలడు? నాయన లేచి నిలబడి, "ఒరే, ఏందిరా అది!" అన్నాడు.  "నాకు కాకరకాయ కావాల" అన్నాను.

సగం మూసిన తలుపు పూర్తిగా తెరుచుకుంది. ఏడాదిలో పెద్దమ్మను చూడటం అదే మొదటిసారి. చిన్న మనిషి, నా భుజం దాకా కూడా రాదు. దగ్గరికి వచ్చి నా ముఖంలోకి చూసింది, పాదాలకేసి కాదు. "ఆయనకు గిట్టదే. నువ్వెవురప్పా?" అంది.

"తెలీదు పెద్దమ్మా. ఆయన్నైతే కాదు."

 ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "ఆయనకు గిట్టదని ఆయనుండిన నలభై ఏండ్లూ ఈ ఇంట్లో కాకరకాయ వండలేదు. నాకు శానా ఇష్టమప్పా. ఎవురూ అడగలేదు, నేనూ చెప్పలేదు" అంది. పురోహితుడు లౌక్యం తెలిసినవాడు. భోక్త అడిగింది పెట్టకపోతే కర్మ చెడుతుందని అప్పటికప్పుడు తేల్చేశాడు. పక్కింటి పెరట్లో పాదు నుంచి నాలుగు కాయలు కోసి వేయించేదాకా అందరం కూర్చునే ఉన్నాం. నేను తిన్నాను. మళ్ళీ అడిగారు, కలిగింది అన్నాను. మిగిలిన ముక్కలు పెద్దమ్మ తన కోసం లోపలికి తీసుకుపోయింది. గది సంగతి మళ్ళీ ఎత్తలేదు. కోటు మడిచి తలుపు దగ్గర పెట్టి వచ్చేశాను.

నాయన నాతో రెండు నెలలు మాట్లాడలేదు. ఆ తరువాత పాకాల స్టేషనులో టిక్కెట్లమ్మే పని దొరికినప్పుడు మాత్రం, "ఆడ కనీసం నోరు తెరిచి మాట్లాడొచ్చులే" అన్నాడు.

ఆ సంవత్సరీకం రోజు సాయంత్రం నాయన ముందు బస్సుకు వెళ్ళిపోతే, నేను చిత్తూరు బజారులో ఒక కాఫీ హోటల్లోకి వెళ్ళాను. (భోక్త ఆ పూట మళ్ళీ తినకూడదు. నేనిక భోక్తను కానని ధైర్యం.) గోడమీద పలక నిండా తినుబండారాల పేర్లు రాసివున్నాయి. సర్వరు వచ్చి, "ఏం కావాలప్పా?" అన్నాడు. నేను పలక కేసి చూస్తూ నిలబడిపోయాను. అతను రెండుసార్లు వచ్చిపోయాడు, మూడోసారి విసుక్కున్నాడు. ఏది కావాలో నాకు నిజంగా తెలియలేదు. ఇప్పుడు ఎనభై దగ్గరపడ్డాక, ఆ పలక ముందు చెమటలు కక్కుతూ నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. పక్కన పోయి నిలబడి, తొందరేమీ లేదప్పా, నిదానంగా చదువుకో అని చెప్పాలనిపిస్తుంది.