ఒడిలో పోసిన యాలకులు

మా పెద్ద యారాలికి, అంటే మా ఆయన అన్న భార్యకు, నేను చేసింది తప్పేనని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు. అననీ.

కోస్గిలో మాది ఉమ్మడి కుటుంబం. వంటింటి తాళాలు ఆమె కొంగునే ఉండేవి. నేను మొదటిసారి నెల తప్పినప్పుడు ఏది తిన్నా వాంతే. చూడవచ్చిన మా అమ్మ రెండు యాలకులు నా కొంగున ముడివేసి, "వికారమైతే నోట్లె ఏసుకో బిడ్డా" అంది. ఆ మధ్యాహ్నమే పాయసానికి యాలకులు తక్కువయ్యాయట. యారాలు అందరి ముందూ నా కొంగుముడి విప్పింది.

"అవి నేనిచ్చినయి" అంది అమ్మ.

"తల్లీబిడ్డలు మంచిగనే కూడబలుక్కున్నరు" అని నవ్వింది యారాలు.

అమ్మ విస్తరి ముందు నుంచి లేచిపోయింది. మళ్లీ మా గడప తొక్కలేదు. రెండేళ్లకు కాలం చేసింది. ఆ నవ్వు మాత్రం నా చెవుల్లోంచి పోలేదు.

పంతొమ్మిది వందల అరవైల్లో ఒక దసరా సెలవులకు, బడిపంతులైన మా ఆయన తోటి పంతుళ్ల కుటుంబాలతో కలిసి నన్ను మలబారు సముద్రానికి తీసుకుపోయాడు. ఒడ్డున కొబ్బరిచెట్ల కింద మూడు రోజులున్నాం. అన్ని నీళ్లు చూసి నాకు మొదట కోపమే వచ్చింది. మా చేన్లకు చుక్క రాల్చని దేవుడు ఇక్కడ ఇట్లా పారబోశాడేమిటని. నాలుగో రోజు బస్సులో ఘాట్ రోడ్డెక్కి మసాలా దినుసుల తోటలు చూడబోయాం. మిరియాల తీగలు చెట్లకు ఎగబాకి ఉన్నాయి. దాల్చినచెక్క నిజంగానే చెట్టు బెరడని తెలిసి అందరూ వాసన చూస్తూ నిలబడ్డారు. యాలకులెక్కడున్నాయని నేను కొమ్మల్లోకి చూస్తుంటే, తోటలో పనిచేసే ఒకావిడ నా భుజం తట్టి కిందికి చూపింది. మొక్క మొదట్లో, తడి మట్టి మీద పాకిన రెమ్మలకు కాయలు. ఆడవాళ్లు వంగి ఏరుతున్నారు. మట్టిలో కాసే దీనికోసమా మా అమ్మను దొంగను చేసింది?

పట్టుచీరకని దాచుకున్న డబ్బంతా పెట్టి ఎండు యాలకులు కొన్నాను. సంచి చూసి మా ఆయన, "గిన్ని ఏం జేస్తవే?" అన్నాడు.

"పెట్టాల్సినోళ్లకు పెడత" అన్నాను.

ఆ మాఘంలో యారాలి పుట్టింటివాళ్లు ఆమెకు ఒడిబియ్యం పోసి దీవించడానికి వచ్చారు. ఒడిలో పడ్డది ఏదైనా వద్దనకూడదు, కిందపడనీయకూడదు. రెండు చేతులా కొంగు పట్టుకొని కూర్చోవాలి. ఆమె తల్లి, వదినెలు పోశాక ముత్తైదువగా నా వంతు వచ్చింది. బియ్యం పోసి, ఆ వెనకే సంచి మొత్తం గుమ్మరించాను. ఇల్లంతా గుప్పుమంది.

"అక్కా, గిండ్ల రెండు మా అమ్మవి. ఏవో నువ్వే ఏరియ్యి" అన్నాను.

ఆమె కదల్లేకపోయింది. "ఏంది బిడ్డా గది?" అని ఆమె తల్లి నన్నే అడిగింది. పూసగుచ్చినట్టు చెప్పాను, ఆ నవ్వుతో సహా. తల్లి కూతురి ముఖంలోకి చూసింది.

శుభకార్యం పాడుచేశావని మా ఆయన నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు. పాడుచేయాలనే చేశాను. మా అమ్మే ఉండి ఉంటే "పోనీ బిడ్డా, ఇడువు" అని నా చెయ్యి పట్టుకునేది. ఆమె లేదని ఎన్నిసార్లు ఏడ్చానో. ఆ ఒక్క పూటకు మాత్రం లేకపోవడమే మంచిదైంది.